అయిదు స్టేషన్ల పాట

మా అన్న దేవదానం పోయిన పన్నెండో రోజున గూడూరు నుంచి అయ్యగారు నెల్లూరులో మా ఇంటికి వచ్చారు. అయ్యగారంటే మా సంఘ కాపరి. ముప్పై దాటని కుర్రవాడు, నా దగ్గర తెలుగు చదువుకున్న పిల్లల ఈడు ఉంటాడేమో. అయినా గుడిలో నిలబడి ఆశీర్వాదం చెప్పే మనిషి కాబట్టి 'గారు' పెట్టే పిలుస్తాను. ఆయన కుర్చీ అంచున కూర్చుని, ఇచ్చిన మంచినీళ్ళు సగం తాగి, సంచిలోంచి ఒక కాగితం తీసి బల్ల మీద పెట్టారు. సంఘం కొత్త పాటల పుస్తకం అచ్చు వేస్తోంది. ప్రతి పాట కింద రచన ఎవరిది, రాగం ఎవరిది అని వేస్తారట. 'ఒడ్డు కానరాని వేళ' అనే పాట కింద రెండు చోట్లా మా అన్న పేరు వేయమని మా సుశీల వదిన అడిగింది. కానీ ఆ పాట పుట్టిన రోజుల్లో ఉన్న పెద్దవాళ్ళెవరూ ఇప్పుడు లేరు.

"మీరొక్కరే సాక్షి సార్. రెండు ముక్కలు రాసి సంతకం పెట్టి ఇస్తే చాలు. సుశీలక్క చానా ఆశ పెట్టుకోనుండాది" అన్నారాయన.

ఆదివారం లోపల చెబుతానన్నాను. ఆయన ప్రార్థన చేసి వెళ్ళిపోయాక ఆ కాగితం ముందు కూర్చుంటే నాకు కోపం వచ్చింది. ఈ మాట ఎందుకు చెబుతున్నానంటే, అన్న పోయిన దగ్గర్నుంచి నాలో ఏదో ఒకటి కదలడం అదే మొదలు. ఆసుపత్రిలో పది రోజులు ఆయన మంచం పక్కన కూర్చున్నాను. ఏమీ అనిపించలేదు. సమాధి దగ్గర అందరితో పాటు అదే పాట నోరు తెరిచి పాడాను, పిడికెడు మట్టి వేశాను, వచ్చిన వాళ్ళకు భోజనాలు చూశాను. "గట్టి మనిషబ్బా" అని ఎవరో అంటే విని ఊరుకున్నాను. గట్టితనం ఏమీ లేదు. పంటి డాక్టరు సూది వేశాక పెదవి కొరుక్కున్నా తెలియదు చూడండి, అంతే. అట్లాంటి వాడికి ఒక కాగితం చూసి కోపం రావడం నాకే వింతగా ఉంది. కోపానికి కారణం చెబుతాను. ఆ పాటలో మాటలు నావి. రాగం మా ఇద్దరిలో ఎవరిదీ కాదు. సముద్రాలవతల ఎవరో జులపాలు పెంచుకున్న కుర్రవాళ్ళు వాయించిన ఇరవై మూడు నిమిషాల రాక్ పాటలో నాలుగో భాగం అది. మా సంఘంలో ఎవరు చనిపోయినా పాడుతున్నది, ఇన్నేళ్ళుగా ముసలమ్మలు కొంగు నోటికడ్డం పెట్టుకుని ఏడుస్తూ పాడుతున్నది దాన్నే. ఈ సంగతి తెలిసినవాళ్ళం ఇద్దరమే ఉండేవాళ్ళం, ఇప్పుడు నేనొక్కణ్ణి.

మా నాన్న గూడ్సు బండి గార్డు. గూడూరు జంక్షన్లో పట్టాల పక్కనే మా క్వార్టర్స్. రాత్రంతా డ్యూటీ చేసి పొద్దున్నే వచ్చేవాడు. చేతి దీపం గడప పక్కన పెట్టగానే ఇల్లంతా కిరసనాయిలు వాసన వేసేది. స్నానం చేసి, రాత్రి మిగిలిన అన్నంలో మజ్జిగ పోసుకుని తిని, పచ్చి నిమ్మకాయ వాసన చూస్తూ బైబిల్లో ఒక అధ్యాయం చదివేవాడు. ఆ నిమ్మకాయ సంగతి మా ఊరివాళ్ళకు విడమరచి చెప్పనక్కర్లేదు, గూడూరంటేనే నిమ్మకాయల మార్కెట్, ఊరంతా ఆ వాసనే. తర్వాత కిటికీకి తడిపిన గోనెపట్టా కట్టుకుని సాయంత్రం దాకా పడుకునేవాడు. ఆయన నిద్రపోయే వేళల్లో ఇల్లంతా కాలివేళ్ళ మీద నడిచేది. మా అమ్మ పోపు కూడా పెరట్లోకి పొయ్యి తీసుకుపోయి వేసేది. మా అవ్వ, అంటే నాన్నను కన్న తల్లి, వసారాలో కూర్చుని ఎండు రొయ్యల తలలు తుంచుతూ పెదవులు మాత్రం కదిలిస్తూ కీర్తనలు పాడుకునేది. నాన్నకు ఒక విచిత్రమైన చెవి ఉండేది. మద్రాసు మెయిలు ఇంటి గోడలు అదిరిపోయేట్టు పోయినా ఒత్తిగిల్లేవాడు కాదు. వంటింట్లో చెంచా కింద పడితే మాత్రం "ఎవుర్రా అది" అని లేచేవాడు.

ఆ ఇంట్లోకి ఆ పాట వచ్చింది. మద్రాసు హార్బర్లో పనిచేసే మా మేనమామ కొడుకు, ఓడ దిగిన ఎవరో కళాసీ దగ్గర ఒక క్యాసెట్ తీసుకుని మా అన్నకిచ్చాడు. పైడబ్బా లేదు, దాని మీది కాగితం కూడా ఊడిపోయింది. పాట పేరు లేదు, పాడిన వాళ్ళ పేరు లేదు. ఒక వైపంతా ఒకటే పాట. అన్నకు అప్పటికి పంతొమ్మిదేళ్ళు, నాకు పద్నాలుగు. పాటంటే మూడు నిమిషాలు, పల్లవి, రెండు చరణాలు, అయిపోయిందనుకునే వాళ్ళం మేము. ఇది మొదలుపెట్టడమే గాలి చప్పుడుతో మొదలవుతుంది. చానాసేపు గాలి తప్ప ఏమీ లేదు. క్యాసెట్ చెడిపోయిందనుకుని అన్న రెండుసార్లు బయటకు తీసి పెన్సిలు పెట్టి తిప్పాడు. మూడోసారికి ఓపిక పట్టాము. గాలిలోంచి సన్నగా ఆర్గాన్ వచ్చింది.

అది అయిదు భాగాల పాటని తెలుసుకోవడానికి మాకు నెల పట్టింది. ఎందుకంటే మాకు దాన్ని మొత్తంగా వినే అవకాశం లేదు. నాన్న నిద్రపోతుంటాడు కదా. కాబట్టి టేప్ రికార్డర్‌ను దుప్పటి కప్పి, ఇద్దరం తలలు లోపల పెట్టి, శబ్దం బాగా తగ్గించి వినేవాళ్ళం. రెండో భాగం వచ్చేసరికి డ్రమ్ములు, గిటార్లు అన్నీ ఒక్కసారిగా లేస్తాయి. దాన్ని తగ్గించి వింటే దోమ పాటలా ఉండేది. అందుకని అన్న ఒక ఉపాయం కనిపెట్టాడు. గూడ్సు బండి వచ్చే వేళకు సరిగ్గా రెండో భాగం వచ్చేట్టు చూసి పెట్టడం, బండి మా ఇంటి పక్కన పోతున్నంతసేపూ శబ్దం పెంచెయ్యడం. యాభై పెట్టెల బండి పోయేసరికి చానాసేపు పడుతుంది. నాన్న రైలు చప్పుడుకు లేవడు. రైలు కింద పాటను దాచేవాళ్ళం. బండి చివర గార్డు పెట్టె కనిపించగానే కిటికీ దగ్గర కాపలా ఉన్న నేను చెయ్యి ఊపితే అన్న శబ్దం తగ్గించేసేవాడు. గార్డు కొడుకులం కాబట్టి బండ్ల వేళలు మాకు నోటికి వచ్చు. ఆలస్యంగా నడిచే బండిని మేము తిట్టినన్ని తిట్లు ప్రయాణికులు కూడా తిట్టి ఉండరు.

భాగాలకు పేర్లు లేవు కాబట్టి మేమే పెట్టుకున్నాం. రైల్వే ఇంట్లో పుట్టిన వాళ్ళకు ఏ పేర్లు తడతాయి? మద్రాసు పోయే దారిలో స్టేషన్లు వరసగా పెట్టాం. గాలీ ఆర్గానూ ఉన్న మొదటి భాగం మనుబోలు. అన్నీ కలిసి మీద పడే రెండో భాగం గూడూరు, జంక్షన్ కాబట్టి. గిటారు ఒక్కటే పిచ్చెక్కినట్టు పరుగెత్తే మూడోది నాయుడుపేట. నాలుగోది నెమ్మదైన పాట, ఆర్గాన్ మీద ఒక్క గొంతు. దానికి దొరవారిసత్రం అని పెట్టాడు అన్న. అక్కడ బండి ఆగితే పొలాల మీద నుంచి పులికాట్ సరస్సు గాలి తప్ప మరేమీ వినపడదని ఆయన చెప్పేవాడు. చివర అన్ని రాగాలూ తిరిగి వచ్చే అయిదోది సూళ్ళూరుపేట. "రేయ్, ఇయ్యాల నాయుడుపేట దాకా పోదామా?" అని అమ్మ ముందే అడిగేవాడు. అమ్మ "పాస్ ఉంది కదా అని ఊరికే తిరగొద్దురా" అనేది. మేము పడీపడీ నవ్వుకునేవాళ్ళం.

తర్వాత్తర్వాత అట్లాంటి పాటలు నేను చానా వెతుక్కుని విన్నాను. మూడు ముక్కలవీ, ఏడు ముక్కలవీ, మొదట్లో వేణువుతో తోటలో నడిచినట్టు ఉండి చివరకు ఇల్లు కూలినట్టు ముగిసేవీ. ఇప్పటికీ పొద్దున నడకకు పోతే చెవిలో అవే. ఒక పాట అయ్యేసరికి ఒక చుట్టు పూర్తవుతుంది. పొట్టి పాట వింటే నాకు గుమ్మంలోనే మాట్లాడి పంపించేసినట్టు ఉంటుంది. పెద్ద పాట లోపలికి పిలిచి, కూర్చోబెట్టి, అన్నం పెట్టి, కోప్పడి, మళ్ళీ మంచి చేసుకుని పంపిస్తుంది. కానీ ఏది విన్నా ఆ మొదటిదాన్ని విన్నట్టు ఉండదు. దుప్పటి కింద అన్న ఊపిరి, ఆయన చొక్కాకు నిమ్మకాయల మార్కెట్ వాసన, రెండూ లేకుండా వినాలి కదా.

అవ్వకు నాలుగో భాగం ఇష్టం. దుప్పటిలోంచి వచ్చే ఆ కాస్త చప్పుడుకే వసారాలోంచి లేచి వచ్చి గడప మీద కూర్చునేది. "ఆ దేవుడి పాట పెట్టురా దేవదానం" అనేది. అది దేవుడి పాట కాదవ్వా అంటే వినేది కాదు. "నాకు తెలవదా? ఇంగిలీషులో అయితే మాత్రం దేవుడు దేవుడు కాకుండా పోతాడా?" అని మమ్మల్నే గదమాయించేది. మేము నవ్వి మళ్ళీ వెనక్కి తిప్పి పెట్టేవాళ్ళం. ఆ గొంతు ఏమి పాడుతోందో మాకూ సరిగా తెలియదు. తప్పిపోయిన కుక్కను గురించి పాడుతున్నారని అన్న, పెళ్ళి తప్పిపోయిందని నేను.

ఒక శనివారం మధ్యాహ్నం గుడి ఊడ్చే వంతు మాది. ఊడ్చేశాక అన్న హార్మోనియం ముందు కూర్చుని దొరవారిసత్రం వాయించడం మొదలుపెట్టాడు. ఎవరూ లేరనుకున్నాం. అప్పటి అయ్యగారు, పెద్దాయన, వెనక గదిలో ప్రసంగం రాసుకుంటున్నాడు. చెప్పుల్లేకుండా వచ్చి నిలబడ్డాడు. వాయించడం అయిపోయాక, "ఎంత చల్లగా ఉండాది నాయనా! ఏ కీర్తన అది? నేనెప్పుడూ విన్లేదే" అన్నాడు. అన్న మొహంలో నెత్తురు లేదు. రాక్ పాట గుళ్ళో వాయించాడని నాన్నకు తెలిస్తే వీపు విమానం మోత మోగుతుంది. నాన్న సంఘ పెద్ద కూడా. "కొత్తది అయ్యగారూ. మేమే కట్టినాం" అనేశాడు.

"మాటలు కూడా కట్టినారా?"

"కట్టినాం అయ్యగారూ."

"అయితే రేపు ఆరాధనలో పాడండి నాయనా."

ఇంటికి వస్తూ అన్న దారిలోనే నన్ను ఆపాడు. "చిన్నోడా, నువ్వు పద్యాలు బాగా రాస్తావు గదరా, బిన్నా, ఈ రాత్రికే రెండు చరణాలు రాయి. నీ కాళ్ళకు దండం పెడతా" అన్నాడు. నాన్న డ్యూటీ కాగితాల వెనకవైపు, పెరట్లో బట్టలుతికే బండ మీద కూర్చుని రాశాను. పేతురు నీళ్ళ మీద నడవబోయిన కథ ఆ వారమే ఆదివారపు బడిలో విన్నాను, అది పనికొచ్చింది. 'ఒడ్డు కానరాని వేళ, ఓడ సాగని వేళ, చెయ్యి చాపి పిలువు తండ్రీ, నేను నడిచి వచ్చెద.' రెండో చరణం ఇంకా నయం, అది ఇప్పటికీ నాకు ఇష్టమే. పొద్దున్న పాడాం. ఎవరో ముసలాయన "ఆమెన్" అన్నాడు. గండం గడిచిందనుకున్నాం.

గడవలేదు. రెండు నెలలకు అవ్వ పోయింది. రొయ్యలు చేటలో పెట్టుకుని కూర్చున్నది కూర్చున్నట్టే గోడకు ఒరిగిపోయింది. సమాధి దగ్గర అయ్యగారు "ఆమెకిష్టమైన పాట, ఆమె మనవళ్ళు కట్టిన పాట" అని చెప్పి దాన్నే పాడించాడు. నాకు అప్పుడు తప్పనిపించలేదు, ఇప్పుడూ అనిపించదు. ఆ రాగం అవ్వకు ఇష్టమే కదా. పాట అయిపోయాక నాన్న వచ్చి అన్న చెయ్యి పట్టుకున్నాడు. మా నాన్న మా చేతులు పట్టుకునే మనిషి కాదు. మమ్మల్ని ఎప్పుడూ దూరం నుంచే పిలిచేవాడు. "ఎవురు రాసినార్రా ఈ మాటలు?" అని అడిగాడు. నేను పక్కనే ఉన్నాను, మట్టి చేతులతో. అన్న నాకేసి చూడలేదు. "నేనే నాన్నా" అన్నాడు. నాన్న ఆ చెయ్యి వదలకుండా గేటు దాకా నడిచాడు.

పద్నాలుగేళ్ళ వాడిని, అన్నంటే ప్రాణం, పోనీలే అనుకున్నాను. నిజంగానే పోనిచ్చే వాణ్ణి. కానీ కొన్నాళ్ళకు అన్న ఇంట్లో లేని పూట, పాట వినాలనిపించి క్యాసెట్ పెట్టాను. గాలి కోసం చెవి దగ్గర పెట్టుకుని కూర్చున్నాను. గాలి రాలేదు. "ప్రియమైన సంఘమా" అని అయ్యగారి గొంతు వచ్చింది. ముందుకు తిప్పాను. ప్రసంగం. ఇంకా ముందుకు తిప్పాను. ప్రసంగమే. పాట చెరిగిపోకుండా క్యాసెట్ పైన ఉండే బొక్కకు అన్న కాగితం అంటించి, దాని మీద ఆదివారం ప్రసంగమంతా రికార్డు చేసేశాడు. మనుబోలు లేదు, గూడూరు లేదు, ఏదీ లేదు. ఆ రోజు ఏడ్చాను నేను. వెక్కి వెక్కి ఏడ్చాను. నాన్న నిద్ర లేచి "ఏందిరా, ఎవురన్నా కొట్టినారా?" అని అడిగాడు. పంటి నొప్పి అని చెప్పాను.

సాయంత్రం అన్నను నిలదీశాను. "ఎందుకట్టా చేసినావు? అది మనది గదా?"

"ఎవురన్నా ఆ పాట ఇంటే, చిన్నోడా? అయ్యగారు ఇంటే? నాన్న ఇంటే?"

"ఇంటే ఏమైతుంది? కొడతాడు. అంతే గదా."

"నాన్న నా చెయ్యి పట్టుకున్నాడురా" అన్నాడు.

ఆ తర్వాత అన్న క్వయర్ నాయకుడయ్యాడు, సంఘ కార్యదర్శి అయ్యాడు, నిమ్మకాయల మార్కెట్లో గుమస్తాగా చేస్తూనే పెళ్ళిళ్ళకూ సమాధులకూ హార్మోనియం వాయించాడు. ఇంగ్లీషు పాట వినపడితే లేచి వెళ్ళిపోయేవాడు. దాన్ని భక్తి అనుకున్నారు జనం. నాకు తెలుసు అది భయమని. మేము పోట్లాడుకోలేదు, మాటలు మానలేదు. పండగకు వెళ్ళేవాణ్ణి, ఒకే పళ్ళెంలో చేపల పులుసు కలుపుకుని తినేవాళ్ళం. కాయ దిగుబడి గురించి ఆయన, స్కూలు గురించి నేను మాట్లాడుకునేవాళ్ళం. పాట మాట ఒక్కసారి కూడా రాలేదు. చిన్నోడా అనడం ఎప్పుడు మానేశాడో గుర్తు లేదు, మాస్టారూ అనేవాడు. ఇప్పుడు అర్థమవుతోంది, ఆసుపత్రి మంచం పక్కన నాకు ఏడుపు ఎందుకు రాలేదో. నా అన్న కోసం నేను ఏడవాల్సిందంతా ఆ క్యాసెట్ దగ్గరే ఏడ్చేశాను.

పాట అసలు పేరు నాకు తెలిసింది ఈ మధ్యనే. మా అమ్మాయి ఫోన్‌లో ఏదో ఉంటుందట, కూనిరాగం తీస్తే పాట పట్టిస్తుందట. సరదాకు తీశాను. పట్టించింది. పేరు ఇక్కడ రాయను. రాస్తే మా సంఘం పిల్లలు నిమిషంలో వెతికి వింటారు. మనుషుల పేర్లు కూడా మార్చేశాను, వెతకొద్దు.

శనివారం గూడూరు వెళ్ళాను. అచ్చుకు పోయే పుస్తకంలో అబద్ధం వేయించకూడదని, వదినకు నిజం చెప్పేయాలని తేల్చుకునే వెళ్ళాను. చెబితే నమ్మదు కాబట్టి వినిపించాలనుకున్నాను. జేబులో ఫోను, సంచిలో మా అమ్మాయి కొనిచ్చిన చిన్న స్పీకరు, అయ్యగారి కాగితం. మనసులో న్యాయం మాట అటుంచితే, నా మాటలు నావని ఒక్కరైనా వినాలనే కక్ష కూడా ఉంది. లేదని చెప్పను.

వదిన వంటింటి అరుగు మీద కూర్చుని ఊరగాయకు నిమ్మకాయలు తరుగుతోంది. మార్కెట్ వాళ్ళు అన్న మీది అభిమానంతో బస్తాడు కాయలు పంపారట. "ఇన్ని కాయలు ఎవురికి అబ్బయా? తినేవాడు పోయినాడు" అంది నన్ను చూడగానే. ఆమెది మనుబోలు పక్క. నలభై ఏళ్ళుగా నన్ను అబ్బయా అనే పిలుస్తుంది. కళ్ళు ఉబ్బి ఉన్నాయి. నాకు పీట వేసి, మజ్జిగ ఇచ్చి, మళ్ళీ కత్తిపీట ముందు కూర్చుంది.

"వదినా, ఒక పాట పెడతా, వింటావా? కాస్త పెద్దది" అన్నాను.

"దేవుడిదేనా?"

"విను, నువ్వే చెబుదువు."

గాలి మొదలైంది. ఆమె నాలుగు కాయలు తరిగింది. "ఏంది అబ్బయా, ఊరికే గాలి వస్తా ఉండాది, పాట యాడ?" అంది. వస్తుందిలే అన్నాను. ఆర్గాన్ వచ్చింది. తర్వాత అన్నీ ఒక్కసారిగా లేచేసరికి ఉలిక్కిపడి వేలు కోసుకోబోయింది. "యేసయ్యా! తలకాయ పగిలిపోతాది, తగ్గించు సామీ!" తగ్గించాను. గిటారు పరుగు వచ్చినప్పుడు ఏమీ అనలేదు, ముసిముసిగా నవ్వింది కూడా. నేను చెప్పబోయే మాటను నోట్లో కూడబలుక్కుంటున్నాను. వదినా, ఈ పాట అన్నది కాదు. అంతే, అయిదు మాటలు.

నాలుగో భాగం మొదలైంది. ఆమె చెయ్యి ఆగింది. తలెత్తి స్పీకరుకేసి చూసింది. ఆ గొంతు ఇంగ్లీషులో పాడుతుంటే, ఈమె పెదవులు వాటంతట అవే కదిలాయి. 'ఒడ్డు కానరాని వేళ, ఓడ సాగని వేళ.' రాగం ఎక్కడా తప్పలేదు. నిమ్మరసం చేతులు ఒళ్ళో పెట్టుకుని రెండు చరణాలూ పూర్తిగా పాడింది. పద్నాలుగేళ్ళప్పుడు బట్టలుతికే బండ మీద తోచినట్టు రాసిన మాటలను, మొగుణ్ణి పోగొట్టుకున్న మనిషి నా ఎదురుగా కూర్చుని పాడుతుంటే ఎట్లా ఉంటుందో నాకు అంతకు ముందు తెలియదు. మొన్న సమాధి దగ్గర విన్నాను కానీ వినలేదు.

పాట అయిదో భాగంలోకి పోయింది. వదిన కళ్ళు పెద్దవి చేసుకుని నాకేసి తిరిగింది.

"అబ్బయా! ఇది మీ అన్న పాట గదా! ఈ ఇంగ్లీషోళ్ళకు ఎట్టా తెలిసింది? ఎత్తుకపోయినారా ఏంది?"

నేను నోరు తెరిచాను. అయిదు మాటలూ నాలుక చివరే ఉన్నాయి.

"యాడో గూడూర్లో కట్టిన పాట ఓడలెక్కి పోయినాదా!" ఆమెకు కోపమో సంతోషమో నాకు తెలియలేదు. పైట చెంగుతో ముక్కు తుడుచుకుంది. "పోకముందు ఆ మనిషికి తెలిసింటే ఎంత బాగుండు. ఆయనకు తెలవదు గదా?"

"తెలుసు వదినా" అన్నాను.

"తెలుసా? నాతో ఒక్కనాడూ చెప్పలేదే! ఎప్పుడు తెలుసు?"

"మా చిన్నప్పుడే. మేమిద్దరం కలిసే విన్నాం. చానాసార్లు విన్నాం."

"కోపం రాలేదా ఆయనకు?"

"లేదు. చానా సంతోషపడినాడు."

"నిజమేనా అబ్బయా? నేను ఎప్పుడూ చూళ్ళేదు ఆ మనిషి సంతోషపడంగా. మంచోడే, ఒక మాట అనినోడు కాదు. కానీ ఎవురో ఏదో అడుగుతారన్నట్టే ఉంటాడు ఎప్పుడూ. నా పక్కన కూర్చున్నా అట్టే. ఎట్టా సంతోషపడినాడు? చెప్పు, వింటా."

చెప్పాను. దుప్పటి కింద చెమటతో తడిసిన మొహం, బండి చప్పుడు దగ్గరకు రాగానే పిడికిలి బిగించి మోకాలి మీద దరువు వేయడం, నవ్వు ఆపుకోలేక దిండు నోట్లో కుక్కుకోవడం, పాట అయిపోయాక వెల్లకిలా పడి "చిన్నోడా, బతికినామురా" అనడం. ఆ ఆఖరి మాట చెబుతూ ఉండగానే ఏడుపొచ్చింది. ఈ రెండు వారాలది కాదు, నలభై ఏళ్ళది. వదిన లేవలేదు, ఓదార్చలేదు, కత్తిపీట పక్కకు జరిపి నాతో పాటు ఏడ్చింది. పాట ఎప్పుడు అయిపోయిందో మా ఇద్దరికీ తెలియదు.

మొహం కడుక్కుని వచ్చి సంచిలోంచి కాగితం తీశాను. రచన అన్న చోట దేవదానం అని రాశాను. రాగం అన్న చోట కూడా దేవదానం అని రాశాను. కింద సంతకం పెట్టాను. తప్పే, తెలుసు. మాటలు రాసింది నేనయితే, ఆ పాట కోసం తన పాటలన్నీ వదులుకున్నది ఆయన. వదిన కాగితాన్ని తడి తగలకుండా అంచు పట్టుకుని చదువుకుని, బైబిల్లో పెట్టి వచ్చింది. మళ్ళీ అరుగు మీద కూర్చుని, కత్తిపీట దగ్గరకు లాక్కుంది.

"ఇంకోసారి పెట్టు అబ్బయా, మొదుట్నుంచి."

"చానాసేపు పడుతుంది వదినా."

"పట్టనీలే" అంది, ఒక కాయ అందుకుంటూ. "ఆయన నవ్విన చోటు వస్తే మాత్రం చెప్పు."